పాత సోనీ డబ్ల్యూ830 కొనొచ్చా? ఎండ ఉన్నంతసేపూ కొనొచ్చు

విజయవాడ గవర్నర్‌పేటలోనో గుంటూరు బ్రాడీపేటలోనో సెకండ్ హ్యాండ్ కెమెరాలు అమ్మే కౌంటరు దగ్గర నిలబడి, జేబులో పట్టే చిన్న డిజిటల్ కెమెరా కావాలని అడిగితే అద్దాల బీరువాలోంచి బయటికొచ్చే వాటిలో సోనీ సైబర్‌షాట్ డబ్ల్యూ830 ఒకటి. 2014 నాటి మోడల్. ఇప్పుడు దొరికేవి దాదాపు అన్నీ చేతులు మారిన పీసులే. ఫోన్ ఫొటోలు అన్నీ ఒకే తీరుగా ఉన్నాయని విసుగెత్తిన కాలేజీ పిల్లలు దీన్ని అడుగుతున్నారు. పిల్లాడి చేతికి ఫోన్ ఇవ్వడం ఇష్టం లేని తల్లిదండ్రులు అడుగుతున్నారు. చీరలో బొమ్మలో ఆన్‌లైన్‌లో అమ్ముకునేవాళ్లూ అడుగుతున్నారు. ఈ ముగ్గురికీ ఒకే జవాబు చెప్తే తప్పవుతుంది.

ముందు ఒక చిన్న హెచ్చరిక. ఆన్‌లైన్‌లో 48 మెగాపిక్సెళ్లు, 16ఎక్స్ జూమ్ అంటూ రెండు మూడు వేలకు అమ్మే ప్లాస్టిక్ కెమెరాలు ఈ కోవలోకి రావు. వాటి లెన్సు కదలదు, జూమ్ అంటే బొమ్మను కత్తిరించి సాగదీయడమే. అసలు జూమ్ లెన్సును గుర్తుపట్టడానికి స్పెసిఫికేషన్ కాగితం అక్కర్లేదు, లెన్సు చుట్టూ ఉన్న రింగు చదివితే చాలు. డబ్ల్యూ830 రింగు మీద జైస్ వేరియో టెస్సార్ పేరు, దాని పక్కన 3,3-6,3/4,5-36 అనే అంకెలు సన్నగా ఉంటాయి. చుక్క ఉండాల్సిన చోట కామా ఉండటం ఐరోపా పద్ధతి. గీతకు కుడివైపు ఉన్నది ఫోకల్ లెంగ్త్: 4.5 ఎంఎం నుంచి 36 ఎంఎం దాకా. 36ని 4.5తో భాగిస్తే 8. అదే 8ఎక్స్ ఆప్టికల్ జూమ్. పాత ఫిల్మ్ కెమెరా లెక్కలో చెప్పాలంటే 25 నుంచి 200 ఎంఎం. గీతకు ఎడమవైపు ఉన్న 3.3-6.3 మాత్రం ఈ కెమెరా జాతకమంతా చెప్పే అంకె. దాని సంగతి తర్వాత చూద్దాం.

బ్యాటరీ, కార్డు వేశాక బరువు 122 గ్రాములు. మందం రెండుంపావు సెంటీమీటర్లు. చొక్కా జేబులో పెట్టుకున్నా జేబు వేలాడదు. వెనకాల తెర 2.7 అంగుళాలు, 2.3 లక్షల చుక్కలు. అంటే ఈ రోజుల్లో చవక ఫోన్ తెర కన్నా చాలా ముతక. మిట్టమధ్యాహ్నం బీసెంట్ రోడ్డులో ఆ తెర మీద ఫోకస్ కుదిరిందో లేదో చూద్దామంటే కనపడేది మీ ముఖమే. అందుకే షట్టర్ బటన్ సగం నొక్కి, ఆకుపచ్చ గుర్తు వెలిగి బీప్ వినపడ్డాకే పూర్తిగా నొక్కడం అలవాటు చేసుకోవాలి. ఫోన్ అలవాటున్న వేలు ఒకేసారి గట్టిగా నొక్కేస్తుంది. ఈ కెమెరాలో బ్లర్ వచ్చిన ఫొటోల్లో చాలావాటికి కారణం అదే.

పెట్టె మీద 20.1 మెగాపిక్సెళ్లు అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. సెన్సర్ 1/2.3 అంగుళాల సీసీడీ (పాత తరహా సెన్సర్), సుమారు 6.2 ఎంఎం వెడల్పు, 4.6 ఎంఎం ఎత్తు. చిటికెన వేలి గోరంత కూడా లేని ఆ చోట 2 కోట్ల పిక్సెళ్లు ఇరికిస్తే ఒక్కొక్కటి 1.2 మైక్రాన్లు వస్తుంది. చిన్న రంధ్రం గుండా వెళ్లే కాంతి అంచుల దగ్గర చెదిరిపోతుంది. జూమ్ చివర ఎఫ్/6.3 (లెన్సు రంధ్రం కొలత, అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నది) దగ్గర ఒక్క కాంతి బిందువు సెన్సర్ మీద 8 మైక్రాన్ల పైచిలుకు మచ్చగా పడుతుంది. అంటే ఏడు పిక్సెళ్ల వెడల్పు. లెన్సు అందించలేని వివరాన్ని పిక్సెళ్లు ఎక్కడినుంచి తెస్తాయి? 20 మెగాపిక్సెళ్ల ఫైలును పూర్తి సైజులో తెరిస్తే చెట్ల ఆకులు నీటిరంగులు అద్దినట్టు అలుక్కుపోయి కనిపించేది ఇందుకే. నాయిస్ (ఫొటోలో లేచే గరుకు చుక్కలు) తుడిచేసే సాఫ్ట్‌వేర్ మిగిలిన కాస్త వివరాన్నీ తుడిచేస్తుంది.

కాబట్టి మెనూలో ఇమేజ్ సైజు 10ఎం పెట్టేయండి. 3648 × 2736 పిక్సెళ్లు వస్తాయి. అంగుళానికి 300 చుక్కల లెక్కన అచ్చు వేసినా 12 × 9 అంగుళాలు, అంటే ఏ4 కాగితం నిండిపోతుంది. ఫైలు సగమవుతుంది, కార్డు మీద రాయడం తొందరగా అవుతుంది, కంటికి నష్టం కనపడదు. 20ఎం మీద మమకారం చంపుకోలేనివాళ్లు ఒకే దృశ్యాన్ని రెండు సైజుల్లోనూ తీసి ఏ4 ప్రింటు వేయించి పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.

ఇక రంగులు. ఈ కెమెరా మీద మోజు పెరగడానికి అసలు కారణం అదే కాబట్టి కాస్త వివరంగా చూడాలి. సీసీడీ సెన్సర్‌లో ఏదో మహత్తు ఉందని ప్రచారం ఉంది. నిజానికి సెన్సర్ రంగు చూడదు, వెలుగును కొలుస్తుంది. రంగు వచ్చేది దానిముందున్న ఫిల్టర్ల నుంచి, ఆ కాలపు కంపెనీలు జేపెగ్ తయారుచేసిన పద్ధతి నుంచి. నేటి ఫోన్ నీడల్ని లేపి, ఆకాశాన్ని దించి, నాలుగైదు ఫ్రేములు కలిపి వండి వడ్డిస్తుంది. డబ్ల్యూ830 ఆ పని అంతగా చేయదు. నీడ నీడగానే ఉంటుంది, ఎండ ఎండగానే ఉంటుంది. చాలామందికి నచ్చుతున్నది ఈ నిక్కచ్చితనమే, దానికి సీసీడీ అని పేరు పెట్టుకున్నారు.

దీన్ని పరీక్షించడానికి గుంటూరు మిర్చిని మించిన సబ్జెక్టు లేదు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా కల్లాల్లో ఎండబోసిన కాయలు గానీ, యార్డులో కోసి చూపించే టిక్కీ (మిర్చి బస్తా) గానీ ఫొటో తీస్తే మంచి మంచి కెమెరాలే తడబడతాయి. ఫొటోలో ఒక ఎర్రటి ముద్ద కనపడుతుంది, కాయ కనపడదు. కారణం ఇది. ఫ్రేము నిండా ఎరుపే ఉన్నప్పుడు ఆకుపచ్చ, నీలం ఛానెళ్లు దాదాపు ఖాళీ. కెమెరాలో వెలుగు కొలిచే మీటరు ప్రకాశాన్ని లెక్కేసేటప్పుడు ఎరుపుకు ఇచ్చే వాటా మూడో వంతుకు లోపే. దాంతో ఫ్రేము చీకటిగా ఉందనుకుని వెలుగు పెంచుతుంది. అప్పటికే అంచుదాకా నిండిన ఎరుపు ఛానెల్ పొంగిపొర్లుతుంది. ఇక ఆ ఎరుపులో హెచ్చుతగ్గులుండవు కాబట్టి తేజ రకం నున్నటి మెరుపూ ఒకటే, బాడిగ రకం ముడతలూ ఒకటే. ఫొటో చూసి బేరమాడే కాలంలో తాలు కాయకూ మంచి కాయకూ తేడా తెలియని ఫొటో ఎందుకు?

పైగా లైటు రంగును సరిదిద్దే ఆటో వైట్ బ్యాలెన్స్ ఇంకో తప్పు చేస్తుంది. ఫ్రేమంతా ఎర్రగా ఉంటే లైటే ఎర్రగా ఉందేమో అనుకుని నీలం కలుపుతుంది. కాయలు చల్లబడి, గోనెసంచి బూడిదరంగుకు తిరుగుతుంది.

మందు తేలికే. మోడ్ ప్రోగ్రామ్ ఆటోకు మార్చండి. ఇంటెలిజెంట్ ఆటోలో ఉంటే కెమెరా మీ మాట వినదు. వైట్ బ్యాలెన్స్ డేలైట్ పెట్టండి. ఐఎస్‌ఓ (వెలుగుకు సెన్సర్ స్పందించే స్థాయి) 80 లేదా 100. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ −0.7, అంటే కెమెరా లెక్క కన్నా వెలుగు కాస్త తగ్గించడం. నడినెత్తిన ఎండ ఉంటే −1.0. ఒక షాట్ తీసి, ప్లేబ్యాక్‌లో జూమ్ చేసి ఒకే ఒక్క కాయ మీదికి వెళ్లండి. తొడిమ దగ్గర ముడత కనపడితే సరిపోయింది, నున్నగా అతికించిన రంగు కాగితంలా ఉంటే ఇంకో 0.3 తగ్గించండి. పొద్దున్న తొమ్మిది లోపు, సాయంత్రం నాలుగు తర్వాత ఏటవాలు ఎండలో తీస్తే కాయ పక్కన కాయ నీడ పడి గుండ్రదనం తెలుస్తుంది. ఇవే సెట్టింగులు ఎర్రంచు మంగళగిరి చీరకూ, బంతిపూల గంపకూ పనికొస్తాయి. బంతిలో ఎరుపుతో పాటు ఆకుపచ్చ ఛానెల్‌లోనూ వెలుగు ఉంటుంది కాబట్టి −0.3 చాలు.

చీర అన్నాం కాబట్టి ఆన్‌లైన్ అమ్మకాల మాట ఇక్కడే చెప్పుకోవడం మంచిది. వైడ్‌లో, అంటే జూమ్ చేయకుండా, ఈ లెన్సు 5 సెంటీమీటర్ల దగ్గరికి కూడా ఫోకస్ చేస్తుంది. కొండపల్లి బొమ్మ ముఖం మీద కుంచె గీత కనపడేంత దగ్గర. కానీ అంత దగ్గరికెళితే రెండు ఇబ్బందులు. లెన్సు నీడ బొమ్మ మీదే పడుతుంది. పైగా 25 ఎంఎం వైడ్ కావడంతో ముందున్న ముక్కు ఉబ్బి, వెనకున్న చెవులు చిన్నవై, దశావతారాల సెట్టులో బొమ్మలు ఒకే ఊరి మనుషుల్లా అనిపించవు. అర మీటరు వెనక్కి జరిగి కాస్త జూమ్ చేస్తే కొలతలు సరిగ్గా వస్తాయి. మరీ చివరిదాకా జూమ్ చేయకూడదు. టెలీ (పూర్తి జూమ్) చివర మీటరూ ఆపైన దూరం ఉంటేనే ఫోకస్ పడుతుంది. కిటికీ పక్కన, నేరుగా ఎండ పడని చోట, రెండోవైపు ఒక తెల్ల కార్డుబోర్డు నిలబెడితే లైట్లు కొనే ఖర్చు లేదు. కిటికీ వెలుతురు, ట్యూబ్‌లైటు రెండూ కలిపి వాడొద్దు. చీర ఒక కొంగు నీలంగా, ఇంకో కొంగు పసుపుగా వస్తుంది, సరుకు తిరిగొస్తుంది.

ఇప్పుడు ఆ 3.3-6.3 దగ్గరికొద్దాం. వైడ్‌లో లెన్సు ఎఫ్/3.3 దాకా తెరుచుకుంటుంది. జూమ్ చివర ఎఫ్/6.3. ఈ రెండింటి మధ్య వెలుగు నాలుగో వంతు చిల్లరకు పడిపోతుంది. ట్యూబ్‌లైటు ఉన్న హాల్లో ఐఎస్‌ఓ 400 దగ్గర వైడ్‌లో షట్టర్ తెరిచి ఉండే సమయం 1/25 సెకను ఆ ప్రాంతంలో వస్తే, అదే గదిలో పూర్తి జూమ్‌లో 1/7 వస్తుంది. 1/7 సెకను పాటు ఊపిరి బిగపట్టినా కదలని చెయ్యి ఉండదు. ఆప్టికల్ స్టెడీషాట్ ఉండటం ఇక్కడ గొప్ప ఊరట. లెన్సులో ఒక గాజు భాగం చేతి వణుకుకు ఎదురు కదులుతుంది. 1/200 కావాల్సిన చోట 1/50 దగ్గర కూడా బొమ్మ నిలుస్తుంది. ఈ ధరలో దొరికే చాలా కెమెరాల్లో ఇది లేదు.

అయితే స్టెడీషాట్ మీ చెయ్యి వణుకును ఆపుతుంది గానీ ఎదుటివాళ్ల కదలికను కాదు. స్కూలు యానివర్సరీ ఫొటోల కోసమే ఈ జూమ్ కొనే తల్లిదండ్రులు ఇది గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. స్టేజీకి 20 మీటర్ల దూరంలో కూర్చుంటే పూర్తి జూమ్‌లో ఫ్రేము వెడల్పు మూడున్నర మీటర్లు. ముగ్గురు నలుగురు పిల్లలు చక్కగా పడతారు. దూరం సరిపోయింది, వెలుగు సరిపోదు. ఒక మాదిరి స్టేజీ లైట్లలో ఐఎస్‌ఓ 800 పెట్టినా షట్టర్ 1/50 దగ్గరే ఉంటుంది. కూచిపూడి ఆడే పిల్ల చెయ్యి ఆగాలంటే కనీసం 1/250 కావాలి. చేతులు పొగలా వస్తాయి, ముఖం ఒకసారి నిలుస్తుంది, ఒకసారి నిలవదు. భంగిమ పట్టి నిలిచే క్షణం కోసం కాచుకుని నొక్కాలి. వరసగా తీసుకుంటూ పోదామంటే పూర్తి సైజులో సెకనుకు ఒక్క ఫ్రేము కూడా రాదు.

ఫ్లాష్ వేస్తే? వైడ్‌లో దాదాపు మూడు మీటర్ల దాకా అందుతుంది. 20 మీటర్ల దూరంలో ఉన్న స్టేజీకి అది చేసేదేమీ లేదు. ముందు వరసలో కూర్చున్నవాళ్ల జుట్టును తెల్లగా చేయడం తప్ప. అదే ఫ్లాష్ రెండు మీటర్ల లోపు మాత్రం ఈ కెమెరాకున్న పెద్ద ఆస్తి. ఇది జెనాన్ ఫ్లాష్. ఫోన్‌లో ఉండే ఎల్‌ఈడీ లాగా వెలుగుతూ ఉండదు, సెకనులో వెయ్యో వంతు, అంతకన్నా తక్కువ సేపు మెరిసి ఆరిపోతుంది. అందుకే పుట్టినరోజు నాడు ఎగిరే పిల్లాడు, చల్లుతున్న అక్షింతలు గాల్లోనే ఆగిపోతాయి. వెనకంతా చీకటి, ముందు మనిషి మెరుస్తూ ఉండే ఆ పాత ఆల్బమ్ వాలకం కాలేజీ పిల్లలకు కావాల్సింది. ఫోన్‌లో ఎన్ని ఫిల్టర్లు వేసినా అది ఇలా కుదరదు.

ఫ్లాష్ బల్బు లెన్సుకు రెండు మూడు సెంటీమీటర్ల దూరంలోనే ఉండటం వల్ల రెండు తలనొప్పులు. ఒకటి కళ్లు ఎర్రబడటం. గదిలో ఇంకో లైటు వేస్తే కనుపాప కుంచించుకుని తగ్గుతుంది. రెండోది, గాల్లో దుమ్మో పొగో ఉంటే ఆ రేణువులు ఫ్లాష్‌కు మెరిసి, ఫోకస్‌లో లేక గుండ్రటి తెల్ల బిళ్లల్లా పడతాయి. పూజలో సాంబ్రాణి వేశాక తీసిన ఫొటోల్లో ఇవి తప్పవు. ‘చూశారా, అమ్మవారి కాంతి’ అని వాట్సాప్‌లో తిరిగే ఫొటోల వెనక ఉన్నది చాలాసార్లు సాంబ్రాణి పొగే. పొగ తగ్గేదాకా ఆగండి, లేదా ఫ్లాష్ ఆపి కెమెరాను దేనిమీదైనా ఆనించి తీయండి.

ఉండవల్లి గుహల్లో పైన ఒక అంతస్తులో శయనించిన అనంత పద్మనాభుడి విగ్రహం ఈ ఫ్లాష్‌కు సరైన పరీక్ష. పాదాల దగ్గర నిలబడి ఫ్లాష్‌తో తీస్తే పాదాలు సున్నం కొట్టినట్టు, ముఖం చీకట్లో కలిసిపోయినట్టు వస్తుంది. దూరం మూడింతలైతే వెలుగు తొమ్మిదో వంతు అవుతుంది మరి. ఫ్లాష్ ఆపండి. జూమ్ పూర్తిగా వెనక్కి తెచ్చి ఎఫ్/3.3 దగ్గర ఉంచండి. ఐఎస్‌ఓ 200. కెమెరాను స్తంభానికి ఆనించి 2 సెకన్ల టైమర్ పెట్టి వదిలేయండి. గుమ్మంలోంచి లోపలికి పాకే వెలుతురులో రాతి మీద ఉలి గీతలు కనపడతాయి. చేత్తో పట్టుకుని ఐఎస్‌ఓ 1600కు పెంచితే అవే గీతలు నాయిస్‌లో కరిగిపోతాయి. ఈ కెమెరాకు 400 లక్ష్మణరేఖ, 800 గతిలేనప్పుడు. 1600, 3200 మెనూలో ఉన్నాయి గానీ లేవనుకోవడమే మంచిది.

ప్రకాశం బ్యారేజీ రాత్రి ఫొటోకూ ఇదే సూత్రం. బ్యారేజీ పిట్టగోడ మీద పెట్టి తీయొద్దు, బండి వెళ్లిన ప్రతిసారీ అదురుతుంది. పద్మావతి ఘాట్ మెట్ల మీద చిన్న ట్రైపాడ్ వేసి, ఐఎస్‌ఓ 80, 2 సెకన్ల టైమర్. దీపాల వరస నీళ్లలో నిలువుగా సాగి పడుతుంది. కానీ షట్టర్ రెండు సెకన్లకు మించి తెరిచి ఉండదు. వాహనాల లైట్లు పొడవాటి గీతలుగా రావాలనుకునేవాళ్లు వేరే కెమెరా చూసుకోవాల్సిందే.

వీడియో గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. 720పి, సెకనుకు 30 ఫ్రేములు, ఏవీఐ ఫైలు. ఫోన్ వీడియో ముందు నిలబడదు. ఒక్క విషయం మాత్రం తెలిసి ఉండాలి. కృష్ణలో సాయంత్రం సూర్యుడు మెరిసే చోటికి కెమెరా తిప్పితే తెర మీద పైనుంచి కిందికి ఒక ఊదా గీత నిలుస్తుంది. కెమెరా చెడిందని కంగారు పడక్కర్లేదు. సీసీడీలో ఒక పిక్సెల్ పొంగితే ఆ విద్యుదావేశం అదే నిలువు వరసలోకి కారుతుంది. ఫొటో తీసేటప్పుడు షట్టర్ మూసుకుంటుంది కాబట్టి అందులో పడదు, వీడియోలో మాత్రం పడుతుంది. దుకాణంలో సూర్యుడు లేకుండానే గీత కనపడితే అది వేరే సంగతి, ఆ పీసు వదిలేయండి.

వైఫై లేదు. ఫొటో ఫోన్‌లోకి రావాలంటే ఓటీజీ కార్డ్ రీడర్ ఒకటి కొనుక్కోవాలి. కార్డు 32 జీబీ లోపు ఎస్‌డీహెచ్‌సీ తీసుకుంటే ఏ పేచీ ఉండదు. 10ఎం ఫొటోలకు 16 జీబీ ఉన్నా నెలలు గడుస్తాయి. ఇంట్లో పడున్న మైక్రో ఎస్‌డీని అడాప్టర్‌లో దూర్చి వాడొచ్చు, కానీ అడాప్టర్ వదులైతే మధ్యలో కార్డ్ ఎర్రర్ వచ్చి రాసిన ఫైలు పోతుంది.

బ్యాటరీ ఎన్‌పీ-బీఎన్, 3.6 వోల్టులు, 630 ఎంఏహెచ్. నిండా ఛార్జింగ్‌తో 210 ఫొటోలు కంపెనీ లెక్క. పదేళ్ల పాత బ్యాటరీ అందులో సగమిచ్చినా సంతోషించాలి. కాబట్టి కొనేటప్పుడే ఇంకో బ్యాటరీ ఖర్చు ధరలో కలుపుకోండి. అదే సైజు బ్యాటరీ మీద 1500 అనీ 1800 అనీ అచ్చేసి అమ్ముతుంటారు. అసలు కంపెనీవాడే అంత చోట్లో 630 పట్టించాడు. మూడింతలు పట్టించే విద్య స్టిక్కరు అచ్చువేసేవాడికి తెలిసిందంటే నమ్మేదెలా? 600-700 అని నిజాయితీగా రాసి ఉన్నదే తీసుకోండి. దాని యూఎస్‌బీ తీగతో కెమెరాలోనే ఛార్జింగ్ ఎక్కుతుంది, సుమారు రెండు గంటలు. ఆ సాకెట్ అరిగిపోతే ఛార్జింగే ఉండదు కాబట్టి విడిగా గోడ ఛార్జర్ ఒకటి ఉంచుకోవడం తెలివైన పని. ఉబ్బిన బ్యాటరీ గూట్లో ఇరుక్కుంటే స్క్రూడ్రైవర్‌తో పొడవొద్దు, గుచ్చుకుంటే మంట లేస్తుంది.

మన ఊళ్ల వాతావరణం ఈ బుల్లి పెట్టెకు అత్తగారి ఇల్లు లాంటిది. 40 డిగ్రీల దాకా పనిచేసేలా తయారుచేసిన సరుకు ఇది. రోహిణి కార్తెలో స్కూటర్ డిక్కీలో పెట్టి వెళ్తే లోపల అంతకంటే ఎంతో ఎక్కువ ఉంటుంది. సెన్సర్ వేడెక్కేకొద్దీ చీకటి భాగాల్లో ఎర్ర, నీలి చుక్కలు లేస్తాయి. ఆరేడు డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ సెన్సర్‌లో వెలుగు లేకుండానే పుట్టే ఆ దొంగ కరెంటు దాదాపు రెట్టింపవుతుంది. చల్లబడితే తగ్గుతాయి. వానాకాలంలో ఏసీ గదిలోంచి బయటికి తీసిన వెంటనే లెన్సు మీద ఆవిరి పడుతుంది. తుడిచేకొద్దీ మళ్లీ పడుతుంది. బయటికెళ్లే ముందే జిప్ కవర్‌లో వేసి మూతి మూసి, బయట అరగంట ఆగి తీస్తే ఆవిరి కవరు మీదే ఆగిపోతుంది. జులై నుంచి అక్టోబరు దాకా బీరువాలో బట్టల మధ్య దాచొద్దు. లెన్సులో బూజు మొదలైతే తీయించే ఖర్చు కెమెరా ధరను దాటుతుంది. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, అందులో రంగు మారే సిలికా జెల్ పొట్లం చాలు.

అన్నిటికన్నా పెద్ద శత్రువు దుమ్ము. యార్డులో గాల్లో తేలే కారం పొడి, కల్లం దగ్గర మట్టి, బీచ్‌లో ఇసుక. ఈ లెన్సు గొట్టంలో గొట్టంగా బయటికొస్తుంది. ఆ సందులో ఒక్క రేణువు ఇరికినా చిన్న మోటారు నెట్టలేక ఆగిపోతుంది. తెర మీద పవర్ ఆపి మళ్లీ వేయమనే సందేశం వస్తుంది. ఒకటి రెండుసార్లు ఆపి వేసి చూడొచ్చు. ఆ తర్వాత కూడా వేస్తూ పోతే పళ్ల చక్రం అరిగి పూర్తిగా పోతుంది. నోటితో ఊదొద్దు, తుంపర పడి రేణువు అతుక్కుంటుంది. లెన్సు కిందికి చూసేలా పట్టుకుని చేతి బ్లోయర్‌తో సందు చుట్టూ గాలి కొట్టాలి. యార్డులో తీస్తున్నప్పుడు ప్రతి షాట్‌కూ ఆన్, ఆఫ్ చేయొద్దు. లెన్సు లోపలికి వెళ్లిన ప్రతిసారీ పైన పడిన కారం లోపలికి లాగుతుంది.

ఇదే డబ్బుకు కనపడే మిగతావి రెండు. కానన్ ఇక్సస్ 185 కూడా 20 మెగాపిక్సెళ్ల సీసీడీనే, 28 నుంచి 224 ఎంఎం. ఇందులో ఆప్టికల్ స్టెబిలైజేషన్ లేదు కాబట్టి ఆ 224 ఎంఎం ఎండలోనే పనికొస్తుంది. కొత్తదే కావాలంటే కొడక్ పిక్స్‌ప్రో ఎఫ్‌జడ్55. పాత కొడక్ ఫిల్మ్ కంపెనీ తయారీ కాదు, ఆ పేరు వాడుకునే హక్కుతో జేకే ఇమేజింగ్ తెచ్చేది. 16 మెగాపిక్సెళ్ల సీమాస్ సెన్సర్, 28 నుంచి 140 ఎంఎం, 1080పి వీడియో. ఇందులోనూ ఆప్టికల్ స్టెబిలైజేషన్ లేదు. వారంటీ ముఖ్యమనుకునే తల్లిదండ్రులకు కొడక్, ఫొటో ముఖ్యమనుకునేవాళ్లకు సరిగ్గా ఉన్న డబ్ల్యూ830. సూర్యుడు దిగాక ఎక్కువగా తీసేవాళ్లకు ఈ మూడూ వద్దు, చేతిలో ఉన్న ఫోనే మేలు. ఎఫ్/1.8 ఫోన్ లెన్సు దీని ఎఫ్/3.3 కన్నా మూడింతలకు పైగా వెలుగు లోపలికి రానిస్తుంది. కొత్తగా అమ్మిన రోజుల ధర కన్నా పాత పీసుకు ఎక్కువ అడిగితే, దాన్ని ఎవరు ఎంత పొగిడినా లేచి రావడమే.

కొనేముందు కౌంటరు మీద పావుగంట అడగండి. కాదంటే ఇంకో దుకాణం. మీ కార్డు, నిండా ఛార్జ్ చేసిన బ్యాటరీ వెంట ఉంటే మంచిది. పవర్ వేసి చెవి దగ్గర పెట్టుకోండి. లెన్సు ఒకే సన్నటి చప్పుడుతో రావాలి. గరగర వినపడితే లోపల ఇసుక ఉంది. ముందున్న రెండు రెక్కలు పూర్తిగా తెరుచుకోవాలి. బయటికొచ్చిన గొట్టాన్ని పక్కనుంచి చూస్తే ఒకవైపుకు ఒరిగి ఉండకూడదు, ఒరిగితే కింద పడిన పీసు. జూమ్ ఆ చివరికీ ఈ చివరికీ ఐదుసార్లు తిప్పండి. ఎదురుగా ఉన్న దుకాణం బోర్డును ఫ్రేము నిండా పెట్టి ఫ్లాష్ లేకుండా తీయండి. ప్లేబ్యాక్‌లో నాలుగు మూలలకూ జూమ్ చేస్తే ఒక మూలలో అక్షరాలు మిగతా మూడింటికన్నా మసకగా ఉంటే లెన్సులో గాజు పక్కకు జరిగింది. అది బాగయ్యేది కాదు.

తర్వాత పూర్తి జూమ్‌లో తెల్లగోడ, ఐఎస్‌ఓ 80. గుండ్రటి బూడిద మచ్చలుంటే సెన్సర్ మీద దుమ్ము. ఈ కెమెరా విప్పితే తప్ప తుడవలేరు. అరచేత్తో లెన్సు మూసి ఐఎస్‌ఓ 3200లో ఒకటి తీయండి. నలుపులో కొన్ని చుక్కలు మామూలే, నిలువునా ఒక గీత ఉంటే సెన్సర్ వరస పోయింది. ఫ్లాష్ బలవంతంగా ఆన్ చేసి వెంటవెంటనే మూడుసార్లు వేయించండి. మూడోది మరీ ఆలస్యమైతే బ్యాటరీయో కెపాసిటరో బలహీనం. వెనక ఫొటో, పనోరమా, వీడియో మార్చే జరుపుడు మీట మూడు చోట్లా టక్కున ఆగాలి. అడుగున బ్యాటరీ తలుపు గొళ్లెం విరిగితే రబ్బరు బ్యాండ్‌తో బతకాల్సి వస్తుంది. తీగ గుచ్చి కదిలించినా ఛార్జింగ్ దీపం ఆరకూడదు.

తేదీ, టైమ్ పెట్టమని అడిగితే మాత్రం బేరం మానక్కర్లేదు. లోపల గడియారానికి చిన్న బ్యాకప్ సెల్ ఉంటుంది. చాలాకాలం బీరువాలో పడి ఉంటే అది దిగిపోతుంది. ఛార్జ్ చేసిన బ్యాటరీ వేసి, కెమెరా ఆఫ్‌లోనే 24 గంటలు ఉంచితే అదే నిండుతుంది. ఆ తర్వాత కూడా తేదీ చెరిగిపోతుంటే తిరిగి ఇచ్చేయడానికి వీలుగా, అడుగున ఉన్న సీరియల్ నంబరు వేయించి, కనీసం ఏడు రోజుల గడువు రాసిన బిల్లు తీసుకోండి.